మన ఇండ్ల గోడలపై ప్రభురాత్రి భోజనము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో క్రైస్తవ గృహములకు వెళ్లినవారికి ముందుగదిలో తరచు ఒక పటము కనిపిస్తుంది. పొడవైన బల్ల, దానిపై తెల్లని గుడ్డ, నడుమ ప్రభువు, ఇరుప్రక్కల ఆరుగురు చొప్పున శిష్యులు. అది పెండ్లిలో బహుమానముగా వచ్చినది కావచ్చును, క్యాలెండరునుండి కత్తిరించి అద్దము కట్టించినది కావచ్చును, ఈ కాలములో ప్లాస్టిక్ చట్రములో చిన్న దీపములతో మెరిసేది కావచ్చును. గృహప్రతిష్ఠనాడు గోడకెక్కిన ఆ పటము క్రింద పిల్లలు పుట్టి, పెరిగి, పెండ్లిండ్లు చేసుకొని వెళ్లిపోతారు. అది ఎవరు వేసినది, ఎక్కడిది, ఐదువందల ఏండ్లనాటి ఒక మఠము గోడనుండి మన నడిగడ్డకును, కృష్ణ ఆవలి పల్లెలకును ఎట్లు వచ్చినది అని అడిగేవారు మాత్రము తక్కువ. ఈ శతాబ్ది సంచికలో ఆ చరిత్రను సంఘ సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా ఒక సంగతి తేల్చుకొనవలెను. మన ఇండ్లలో కనిపించే పటములన్నియు ప్రాచీనమైనవి కావు. ముళ్లపొదలు అల్లుకొన్న తలుపును దీపము పట్టుకొని తట్టుచున్న ప్రభువు బొమ్మ ఇంగ్లండు చిత్రకారుడు హోల్మన్ హంట్ 1851-53 మధ్య వేసినది. గెత్సేమనే తోటలో బండపై చేతులు జోడించి ప్రార్థించుచున్న బొమ్మ 1890 ప్రాంతములో జర్మనీ దేశస్థుడు హైన్రిఖ్ హాఫ్‌మన్ వేసినది. లేత గోధుమరంగు వెలుగులో ప్రక్కకు తిరిగి పైకి చూచుచున్న ప్రభువు ముఖము, బహుశా ఈ రోజు లోకములో ఎక్కువ ఇండ్లలో ఉన్న ముఖము, 1940లో అమెరికాలోని చికాగో నగరవాసి వార్నర్ సాల్మన్ వేసినది. ఇవన్నియు మన తాతల కాలపువే. పునరుజ్జీవన యుగమునుండి మన గోడలకు నిజముగా చేరినవి మూడే మూడు అనవచ్చును: క్రిస్మస్ కార్డులపై మోచేతులు ఆనించి పైకి చూచే ఇద్దరు రెక్కల పిల్లలు, జోడించిన రెండు చేతులు, ఈ ప్రభురాత్రి భోజనము.

రెక్కల పిల్లలు రఫాయేలు 1512 ప్రాంతములో వేసిన మరియమ్మ చిత్రపటము అడుగున ఉన్నవారు. అసలు చిత్రము ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్ నగరములో ఉన్నది. తల్లిని, బిడ్డను వదలి అడుగునున్న పిల్లలను మాత్రము కత్తిరించుకొని అచ్చువేయుట వ్యాపారుల తెలివి.

జోడించిన చేతుల బొమ్మ గురించి కొంచెము ఎక్కువ చెప్పవలెను, ఎందుకనగా మన ప్రసంగ పీఠములపై ఒక కథ తరచు వినబడుతుంది. ఇద్దరు పేద అన్నదమ్ములలో ఒకడు గనిలో పనిచేసి రెండవవాని చిత్రకళ చదువుకు డబ్బు పంపాడని, వాని వంకరలు పోయిన చేతులనే తమ్ముడు కృతజ్ఞతతో గీశాడని ఆ కథ. వినుటకు బాగున్నది, కన్నీళ్లు తెప్పిస్తుంది, కాని దానికి ఆధారము లేదు. జర్మనీలోని న్యూరెంబర్గు చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరరు 1508లో ఫ్రాంక్‌ఫర్టు వర్తకుడు యాకోబ్ హెల్లర్ కోరిన బలిపీఠపు చిత్రము కొరకు, అందులో ఒక అపొస్తలుని చేతులకు నమూనాగా, నీలి కాగితముపై ఈ చేతులు గీసుకొన్నాడు. ఆ పెద్ద చిత్రములో డ్యూరరు స్వయముగా వేసిన నడిమి భాగము 1729లో మ్యూనిక్ అగ్నిప్రమాదములో కాలిపోయినది. చిత్తుకాగితము వంటి నమూనా మిగిలినది. అది వియన్నాలో భద్రముగా ఉన్నది. కట్టుకథ లేకుండనే ఈ నిజము చాలునని నా అభిప్రాయము.

ఇక అసలు సంగతి. పునరుజ్జీవన యుగమనగా స్థూలముగా క్రీ.శ. 1400 మొదలు 1600 వరకు అనుకొందము. ఇటలీలోని ఫ్లారెన్సు, మిలాను, రోము, వెనీసు నగరములలో గ్రీకు, రోమను విద్యలు తిరిగి చిగిర్చినవి. శిల్పులు, చిత్రకారులు మనుష్యుని శరీరమును, వెలుగునీడలను, దూరము దగ్గరలను శ్రద్ధగా చూచి నేర్చుకొన్నారు. 1427 ప్రాంతములో మసాచ్చో అనే యువకుడు ఫ్లారెన్సులోని ఒక దేవాలయము గోడపై త్రిత్వమును చిత్రించినప్పుడు, గోడకు తూము కొట్టి లోపల గది కట్టినట్లు కనిపించి జనులు ఆశ్చర్యపడ్డారని చెబుతారు. అంతకు ముందు భక్తులు బంగారు రేకుల నేపథ్యములో, ఏ ఊరికి చెందని పరలోకములో నిలిచినట్లు కనిపించేవారు. ఇప్పుడు వారు నేలకు దిగారు.

ఈ యుగములో చిత్రకారులు దేవుని విడిచి మనుష్యుని పట్టుకొన్నారని కొందరు వ్రాస్తారు. ఈ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. వారి పనిలో అధిక భాగము పరిశుద్ధ గ్రంథములోని కథలే. మైకలాంజెలో 1508నుండి 1512 వరకు పోపు ప్రార్థనాలయము పైకప్పుపై ఆదికాండమును చిత్రించాడు. ఘిబెర్టి 1425నుండి 1452 వరకు, అనగా ఇరువది ఏడు సంవత్సరములు, పాత నిబంధన కథలను రెండు కంచు తలుపులపై పోతపోశాడు. మారినది విషయము కాదు, ఊరు. ఘిర్లాందాయో బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టుకను వేసినప్పుడు ఎలీసబెతును చూడవచ్చిన అమ్మలక్కలు యూదయ కొండసీమవారు కారు. పట్టుబట్టలు కట్టిన ఫ్లారెన్సు నగరపు గొప్పింటి స్త్రీలు. పురిటి మంచము ఫ్లారెన్సు మంచము. బేత్లెహేము ఇటలీ పల్లె అయినది. తమ వీధిలో, తమ ఇంట, తమ బట్టలలో సువార్త జరిగినట్లు వారు చూచారు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

మిలాను నగరములో సాంతా మరియా దెల్లె గ్రాత్సియె అనే దేవాలయము, దానిని ఆనుకొని దొమినికను సన్యాసుల మఠము ఉన్నవి. మిలాను ప్రభువు లుడొవీకో స్ఫోర్త్సా కోరికపై ఆ మఠము భోజనశాల చివరి గోడమీద లియోనార్డో ద వించి 1495నుండి 1498 వరకు ప్రభురాత్రి భోజనమును చిత్రించాడు. సుమారు 29 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు. మన ముందుగదిలోని రెండడుగుల పటము చూచి అసలును ఊహించుట కష్టము. అందులోని ఒక్కొక్క మనిషి నిలువెత్తు మనిషికంటె పెద్దవాడు.

లియోనార్డో పని నెమ్మది. గోడచిత్రములు తడి సున్నముపై వేయవలెను, సున్నము ఆరకముందే ఆనాటి భాగము ముగించవలెను. అతనికి అంత తొందర పనికిరాదు. అందుచేత ఆరిన గోడపై రంగులు కలిపి, ఆగి ఆగి, దిద్దుకొనుచు వేశాడు. మఠాధిపతి విసిగి ప్రభువుకు ఫిర్యాదు చేస్తే, యూదా ముఖమునకు తగిన మనిషి దొరకలేదు, మరీ తొందరయితే మఠాధిపతి ముఖమే వేస్తానని లియోనార్డో అన్నట్లు వసారి అనే చరిత్రకారుడు వ్రాశాడు. ఆరిన గోడపై వేసిన రంగు నిలువలేదు. చిత్రకారుడు బ్రతికియుండగానే పెచ్చులు లేచినవి. 1556లో వసారి చూచునప్పటికి మరకలు మాత్రమే కనిపించినవట. 1652లో సన్యాసులు వంటయింటి దారి కొరకు గోడ నడుమ తలుపు కొట్టారు. 1796లో ఫ్రెంచి సేనలు వచ్చి ఆ గదిని గుఱ్ఱపుసాలగా వాడుకొన్నవి. 1943 ఆగస్టులో బాంబులు పడి భోజనశాల కప్పును, ఒక ప్రక్క గోడను కూల్చినవి. ఇసుక బస్తాలు పేర్చియుంచినందున చిత్రమున్న గోడ నిలిచినది. ఇరువది ఏండ్లకు పైగా సాగిన మరమ్మతు 1999లో ముగిసినది.

చిత్రములో ఉన్న క్షణము ఏది? చాలామంది రొట్టె విరుచు సమయమనుకొంటారు. రొట్టె, పాత్ర ప్రభువు చేతుల దగ్గర ఉన్నవి, నిజమే. కాని శిష్యుల చేతులు చూడండి. మీలో ఒకడు నన్ను అప్పగించునని ప్రభువు చెప్పిన మరుక్షణమది. మత్తయి 26వ అధ్యాయము, యోహాను 13వ అధ్యాయము తెరచి పటము ప్రక్కన పెట్టుకొంటే ఒక్కొక్కడు గుర్తుపడతాడు. ముగ్గురు ముగ్గురుగా నాలుగు గుంపులు. మన ఎడమ చివర బర్తొలొమయి, చిన్న యాకోబు, రెండు చేతులు పైకెత్తిన అంద్రెయ. తరువాత యూదా, పేతురు, యోహాను. ప్రభువుకు అటు ప్రక్క వ్రేలు పైకెత్తిన తోమా (తరువాత గాయములో పెట్టనున్న వ్రేలు అదేనని కొందరంటారు), చేతులు చాచిన పెద్ద యాకోబు, నేనా ప్రభువా అన్నట్లు రొమ్ముపై చేతులుంచిన ఫిలిప్పు. కుడి చివర మత్తయి, తద్దయి, సీమోను. పేతురు చేతిలో కత్తి ఉన్నది. ఆ రాత్రి తోటలో అది చేయబోవు పని మనకు తెలుసు. యూదా గుప్పిట డబ్బు సంచి. తలల చుట్టూ బంగారు వలయములు లేవు. ప్రభువు తల వెనుక తెరచిన కిటికీ, దానిలోనుండి వచ్చు పగటి వెలుగు, అంతే.

అంతకు ముందువారు యూదాను ఎట్లు వేసేవారో తెలిస్తే లియోనార్డో చేసిన పని విలువ తెలుస్తుంది. ఫ్లారెన్సులో కస్తాన్యో 1447లోను, ఘిర్లాందాయో 1480లోను వేసిన రాత్రి భోజనములలో పదకొండుగురు ఒక ప్రక్క, యూదా ఒక్కడు బల్లకు ఇవతల. చూచినవెంటనే దోషి ఎవరో పసిపిల్లవాడైనా చెప్పవచ్చును. లియోనార్డో అతనిని లేపి వరుసలోనికి తెచ్చి, పేతురు యోహానుల నడుమ కూర్చుండబెట్టాడు. ముఖము మాత్రము కొంచెము నీడలో ఉన్నది. దోషి వేరుగా కూర్చుండడు, వరుసలోనే ఉంటాడు. అందుకే పన్నెండుగురు తమ్మును తామే ప్రశ్నించుకొనుచున్నారు.

ఇక్కడ వరుస అన్నాను. మన ప్రాంతములో దీనికి బంతి అని చక్కని మాట ఉన్నది. ఒక బల్ల చుట్టూ మనుష్యులు నాలుగు వైపుల కూర్చుండుట సహజము గదా, పదముగ్గురును ఒకే వైపు ఎందుకు కూర్చున్నారని ఇంగ్లీషు చదువులవారు వేళాకోళమాడుట విన్నాను. మన పెండ్లి భోజనము చూచినవారికి ఆ సందేహము రాదు. మిలాను సన్యాసులును అంతే. వారు ఆ గదిలో గోడల వెంబడి బల్లలు వేసుకొని, ఒక వైపుననే వరుసగా కూర్చుండి, మౌనముగా భోజనము చేసేవారు. తలయెత్తితే గదికి చివర మరియొక బంతి, అందులో ప్రభువు. బల్లపై వేసిన గుడ్డ, దాని మడతలు, గిన్నెలు ఆ మఠములోనివేనని జర్మను కవి గేతె గమనించాడు. అనగా ప్రభువు వారి బట్టపై, వారి పాత్రలతో, వారి బంతికి కొనసాగింపుగా కూర్చున్నాడు. సువార్త కాలపు యూదులు ఇట్లు కుర్చీలపై కూర్చుండక, పండుగ భోజనమునకు ఎడమ మోచేతిపై ఆనుకొని పండుకొనేవారు. యోహాను ప్రభువు రొమ్మున ఆనుకొనుట అట్లు కుదిరినది. లియోనార్డో దానిని పట్టించుకొనలేదు. అతనికి కావలసినది మిలాను భోజనశాల.

బంతి అనే మాటకు మన పల్లెలలో ఉన్న బరువు వేరు. పాలమూరు జిల్లాలో సువార్తను మొదట అందుకొన్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబములవారు. ఊరి పెద్దల ఇంట పెండ్లి అయితే వారికి బంతిలో చోటు లేదు. అందరి భోజనములు అయిన తరువాత, దూరముగా, పశువుల కొట్టము దగ్గరనో చెట్టు క్రిందనో వడ్డన. హోటలులో వేరు గ్లాసు సంగతి ముసలివారు ఇప్పటికిని చెబుతారు. అటువంటివారు తమ ఇంటి ముందుగోడపై తగిలించుటకు ఎన్నో బైబిలు చిత్రములుండగా, దావీదు గొల్యాతు ఉండగా, ఎఱ్ఱసముద్రము ఉండగా, ఒక భోజనపు బంతిని ఎన్నుకొన్నారు. ఎవరును ఆలోచించి తీర్మానము చేసినది కాదు, అచ్చువేయువారు ఏది పంపితే అది కొన్నారనవచ్చును. అయినను ఆ బల్లపై యజమాని, సేవకుడు ఒక పాత్రలో చేయి ముంచుచున్నారను సంగతి ఆ ఇండ్లవారికి తెలియనిది కాదు. మరి మన సంఘములలో ప్రభువు బల్లదగ్గర ఒకే పాత్ర త్రాగినవారు పెండ్లి సంబంధముల దగ్గర ఏమి అడుగుచున్నారో కూడ మనకు తెలుసు. కొరింథు సంఘము భోజనము దగ్గరనే చీలినదని పౌలు మొదటి పత్రిక 11వ అధ్యాయములో గద్దించాడు. ఆ అధ్యాయమును మనము సంస్కారపు దినమున చదువుచునే ఉన్నాము.

బంతిలో ఎవరుండవచ్చునను ప్రశ్న పునరుజ్జీవన యుగములోనే న్యాయస్థానమునకెక్కినది. వెనీసులో వెరోనేసె అనే చిత్రకారుడు 1573లో ఒక మఠము భోజనశాలకు నలుబది అడుగులకు మించిన రాత్రి భోజనమును వేశాడు. అందులో ప్రభువు చుట్టూ మరుగుజ్జులు, చిలుకను పట్టుకొన్న విదూషకుడు, ముక్కునుండి నెత్తురు కారుచున్న సేవకుడు, ఆయుధములు పట్టిన జర్మను సిపాయిలు. విచారణ సభవారు ఆ జులై నెలలో అతనిని పిలిపించి, ప్రభువు చివరి భోజనములో ఇటువంటివారు ఉండదగునా అని నిలదీశారు. కవులకు, పిచ్చివారికి ఉన్న చనవే చిత్రకారులకును ఉన్నదని అతడు జవాబు చెప్పుకొన్నాడు. మూడు నెలలలో సొంత ఖర్చుతో దిద్దవలెనని తీర్పు వచ్చినది. వెరోనేసె మనుష్యులను తీసివేయక చిత్రము పేరు మార్చాడు. లేవి ఇంటి విందు అని పెట్టి, లూకా 5వ అధ్యాయము గుర్తు వ్రాశాడు. సుంకరులతోను పాపులతోను ప్రభువు భోజనము చేసిన విందు అది. న్యాయాధిపతులకు ఇంక అభ్యంతరము లేకపోయినది! ఈ చిత్రము ఇప్పుడు వెనీసు చిత్రశాలలో ఉన్నది.

ఇక ఈ చిత్రములు మన దేశమునకు వచ్చిన త్రోవ. గోడ కదలదు, అచ్చు కదులుతుంది. 1580లో గోవానుండి అక్వావీవా, మొన్సెరాటె మొదలగు జెసూటు గురువులు ఫతేపూర్ సిక్రీకి వెళ్లి అక్బరు పాదుషాకు ఆంట్వర్పు నగరములో అచ్చయిన అనేక భాషల బైబిలు సంపుటములు సమర్పించారు. వాటిలో చెక్కడపు బొమ్మలున్నవి. పాదుషా తలపాగా తీసి, ఒక్కొక్క సంపుటమును ముద్దుపెట్టుకొని తలపై ఉంచుకొన్నాడట. ఆయన కొలువులోని చిత్రకారులు ఐరోపా అచ్చుబొమ్మలను చూచి వ్రాయసాగారు. 1600లో అబుల్ హసన్ అనే పండ్రెండు పదమూడేండ్ల బాలుడు డ్యూరరు 1511లో చెక్కిన సిలువ చిత్రమునుండి, సిలువ క్రింద చేతులు పిసుకుకొనుచున్న యోహానును గీశాడు. ఆ కాగితము నేడు ఆక్స్‌ఫర్డులో ఉన్నది. న్యూరెంబర్గులో చెక్కిన దుఃఖము తొంబదేండ్లకు ఒక ముసల్మాను బాలుని చేతిలోనికి వచ్చినది. లియోనార్డో భోజనమునకు అటువంటి వాహనము 1800లో దొరికినది. రఫాయెల్లో మోర్గెన్ అనే చెక్కడపు పనివాడు చేసిన ప్రతి లోకమంతట వ్యాపించినది. తరువాత రంగుల శిలాముద్రణ వచ్చినది. జర్మనీ ముద్రణలు పందొమ్మిదవ శతాబ్ది చివర మన బజారులలో అమ్మేవారు. ఆ పిమ్మట శివకాశి క్యాలెండర్లు ఆ పని చేసినవి.

ఇందులో ఒక వింత ఉన్నది. మన మూడు పట్టణములకు సువార్త తెచ్చినవారు చిత్రములను మెచ్చిన వంశమువారు కారు. పాలమూరులో అమెరికను బాప్టిస్టులు 1880ల దశకములో పని ప్రారంభించారు. 1899లో హైదరాబాదుకు వచ్చిన అమెరికను మెనొనైట్ బ్రదరెన్ మిషను నాగర్‌కర్నూలు, వనపర్తులకు విస్తరించినది. నాగర్‌కర్నూలులో డి.ఎఫ్. బెర్గ్‌తోల్డు దొరగారి పేరు తెలియని క్రైస్తవ కుటుంబము లేదు. 1930లలో పాలమూరు, గద్వాల పొలములు కూడ బాప్టిస్టులనుండి వారి చేతికి వచ్చినవి. ఈ మెనొనైటుల మూలము ఎక్కడ? స్విట్జర్లాండులోని జూరిక్ నగరములో. అక్కడ జ్వింగ్లీ బోధకు లోబడి 1524లో దేవాలయములనుండి బొమ్మలన్నియు తీసివేశారు, గోడలకు సున్నము కొట్టారు. 1525లో ప్రభురాత్రి భోజనమును బంగారు పాత్రలు మాని కొయ్య పళ్లెములలో, కొయ్య గిన్నెలలో ఆచరించారు. అదే సంవత్సరము జనవరి 21న అక్కడనే, జ్వింగ్లీని కూడ దాటిపోయి, పెద్దలైన విశ్వాసులకు బాప్తిస్మమిచ్చిన గుంపు బయలుదేరినది. వారిలో ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో నదిలో ముంచి చంపారు. ఎవరి పేరుమీద మెనొనైటులని పిలువబడ్డారో ఆ మెన్నో సైమన్స్ పోపు మతగురువు పదవిని విడిచిన 1536వ సంవత్సరముననే రోములో మైకలాంజెలో చివరి తీర్పు చిత్రమునకు పూనుకొన్నాడు. ఒకచోట గోడ నిండుచున్నది, మరియొకచోట గోడ ఖాళీ అగుచున్నది. ఆ ఖాళీ గోడల వారసత్వమే మన ప్రాంతపు పాత ప్రార్థనాలయములలో కనిపించు సాదాతనము.

అయినను బొమ్మ పూర్తిగా పోలేదు. మెనొనైటుల హతసాక్షుల గ్రంథమునకే 1685లో యాన్ లాయ్కెన్ నూట నాలుగు చెక్కడములు చేశాడు. తనను తరుముచు మంచు పగిలి నీటపడిన భటుని వెనుదిరిగి రక్షించి, ఆ భటుని చేతనే పట్టుబడి 1569లో దహింపబడిన డిర్క్ విల్లెమ్స్ బొమ్మ అందులోనిదే. లూథరు పక్షమున క్రానాఖ్ విట్టెన్‌బర్గు బలిపీఠముపై 1547లో వేసిన భోజనములో బల్ల గుండ్రనిది, అందులో లూథరే కూర్చుండి పాత్ర అందుకొనుచున్నాడు. గుడి గోడపై వద్దన్నవారు పుస్తకములోను పాఠశాలలోను వద్దనలేదు. మిషనెరీలు పల్లెలకు వెళ్లినప్పుడు చుట్టచుట్టిన పెద్ద బైబిలు బొమ్మలు తీసుకొనిపోయి, చెట్టుకొమ్మకు వ్రేలాడదీసి కథ చెప్పేవారు.

మన తెలంగాణ జనులకు ఆ పద్ధతి కొత్త కాదు. నకాషీవారు బట్టపై వ్రాసిన పొడవైన పటమును విప్పుచు ఒక్కొక్క కులమునకు దాని పురాణమును చెప్పు ఆచారము మనది. మాదిగలకు డక్కలివారు జాంబ పురాణము పటము పట్టుకొని చెబుతారు. బొమ్మ ముందు కూర్చుండి రాత్రంతయు కథ విను చెవులు ఇక్కడ సిద్ధముగా ఉన్నవి. పటము అనే మాట కూడ అదే. బైబిలు బొమ్మల చుట్టను చూచి మనవారు పటమన్నారంటే అది ఊరక కాదు.

గుడి గోడపై చిత్రమునకు చోటిచ్చినది మెదకు. వెస్లియను మిషనువారైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 2024 క్రిస్మసుకు నూరేండ్లు నిండినవి. కరవు దినములలో ఆ పని వేలమందికి అన్నము పెట్టినదని అక్కడివారు ఇప్పటికిని చెప్పుకొంటారు. అందులోని మూడు రంగుటద్దాల కిటికీలు చూడని క్రైస్తవుడు ఈ ప్రాంతములో అరుదు. ఆరోహణము 1927లో, ప్రభువు జననము 1947లో, సిలువ మరణము 1958లో అమర్చినవి. వాటిని రచించినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాల్స్‌బరీ (1874-1962). రాజులను, దేశాధ్యక్షులను చిత్రించి పేరుపొందిన ఈయన మొదట తన అన్నగారి రంగుటద్దాల కర్మాగారములో పని నేర్చినవాడు, మెథడిస్టు విశ్వాసి, యౌవనమున బహుమతి పొంది ఇటలీ వెళ్లి పాత చిత్రములు చూచి వచ్చినవాడు. రంగుటద్దము పునరుజ్జీవనమునకు ముందుదైన విద్య. కాని మెదకు కిటికీలలోని ముఖములు, బట్టల మడతలు, పైన వెలుగులో ప్రభువు, క్రింద నేలపై శిష్యులు అను అమరిక రఫాయేలు తన చివరి చిత్రమైన రూపాంతరములో చేసినదానికి మనుమలు. చీకటిపడితే ఆ బొమ్మలు కనబడవు. సూర్యుడు మన పొలములమీదినుండి వచ్చి వాటిని వెలిగించవలెను. మూడు కిటికీలలో పడమటి దేశపు ముఖములే ఉన్నవని నేటి యువకులు ఆక్షేపిస్తారు. వారి ఆక్షేపణ న్యాయమైనదే. అయినను వానలు లేని సంవత్సరములలో మెతుకుకొరకు రాళ్లు మోసినవారి బిడ్డలు ఆ రంగుల వెలుగులో మోకరించినప్పుడు పొందిన దానిని కూడ లెక్కలోనికి తీసుకొనవలెను.

ఇటలీవారు ఫ్లారెన్సులో చేసినదానిని మన భాషలో చేసినవారు లేకపోలేదు. విజయవాడలో పనిచేసిన లూథరను వేదపండితుడు పులిదిండి సాల్మన్ రాజుగారు (1921-2019) బాతిక్ బట్టపైనను, చెక్కపై చెక్కిన అచ్చులలోను సువార్తను చిత్రించారు. ఆయన ప్రభువు మన దేశపు గురువు, మన త్రోవలలో నడచువాడు, వెలివేయబడినవారి ప్రక్కన కూర్చుండువాడు. మన సంఘముల ఇండ్లలో ఆయన చిత్రమొకటైనను తగిలించినవారు ఎందరున్నారు? నడిగడ్డలో నేత కళ ఉన్నది. గద్వాల చీర అంచు ఎరుగనివారు లేరు. ఆలంపురములో పదమూడు వందల ఏండ్లనాటి రాతిశిల్పము ఉన్నది. జొన్నరొట్టె, మట్టి గిన్నె, చాప, దానిపై కాళ్లు మడచుకొని కూర్చున్న పదముగ్గురు అను చిత్రము మాత్రము మన ప్రాంతమునుండి ఇంకను రాలేదు. లియోనార్డో ఇటలీలో పుట్టక పాలమూరులో పుట్టియుంటే అదే వేసియుండునని నాకు తోస్తుంది.

చివరగా, మీ ఇంటి పటములో చూడదగినది ఒకటి ఉన్నది. 1652లో సన్యాసులు తలుపు కొట్టినప్పుడు పోయినవి ఏవి? బల్ల క్రింద కనిపించుచుండిన ప్రభువు పాదములు. ఆ రాత్రే బల్లనుండి లేచి, నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగినవాని పాదములు. అసలు గోడపై అవి ఇక లేవు. లియోనార్డో శిష్యుడు జంపియెత్రీనో 1520 ప్రాంతములో బట్టపై తీసిన నిలువెత్తు ప్రతిలో మాత్రము ఉన్నవి. మన బజారులలో రెండు రకముల పటములు అమ్ముచున్నారు. కొన్నింటిలో ప్రభువు ఎదుట గుడ్డ క్రింద తలుపు ఆకారములో ఖాళీ ఉంటుంది, కొన్నింటిలో ప్రతి చూచి దిద్దిన పాదములు ఉంటవి. మీ ఇంటిది ఏ రకమో దీపము పెట్టి చూడండి.